ఒడ్డెక్కించని పడవ

ఊళ్లకు మునసబులున్న రోజుల్లో వినగడపలో ఒక వడ్రంగి మేస్త్రీ ఉండేవాడు. బండి చక్రం దగ్గర్నుంచి పెళ్లిపీట దాకా ఆయన చేతి పనికి తిరువూరు సంతలో కూడా పేరుండేది. ఊరి పక్కనే కట్టలేరు. ఎండాకాలం ఇసుకలో చెలమ తీస్తే గానీ నీటిచుక్క కనపడదు. ఎగువన నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం రాత్రికి రాత్రే ఏరొచ్చేది.

ఒక శ్రావణంలో అట్లాగే వచ్చి, దిగనంటే దిగనని కూర్చుంది. నారు అవతలి గట్టున ఉంది, నాట్ల కూలీలు ఇవతల ఉన్నారు. ఏరు తీసేసరికి నారు ముదిరిపోయింది. ముదురు నారు నాటితే పిలకలు పెట్టదు. ఆ ఏడు సగం ఊరు గింజలు కొనుక్కుని తింది.

మునసబు మేస్త్రీని పిలిపించాడు. "వచ్చే ఏటికి మనకో పడవ కావాలయ్యా. ముప్పై మంది ఒక్క విడతలో దాటాలి. కలప సంగతి నాకొదిలెయ్."

"అట్లాగేనండి" అన్నాడు మేస్త్రీ.

కొట్టం ముందు టేకు దూలాలు దిగాయి. బాడిత దెబ్బ వినపడ్డప్పటి నుంచి జనం వచ్చి చూసి పోతుండేవాళ్లు. ఎంతమంది పడతారని ఒకరు, నడి ఏట్లో బోర్లా పడదు కదా అని ఒకరు, సుడిలో తట్టుకుంటుందా అని ఇంకొకరు అడిగారు. మేస్త్రీ అందరికీ పనితోనే జవాబు చెప్పాడు. వడికి నిలవాలని అడుగు లోతుగా, కోసుగా పెట్టాడు. నీళ్లు లోపలికి చిమ్మకూడదని పక్కలు రొమ్మెత్తున లేపాడు. సందుల్లో పీచు కూరి గుగ్గిలం పోశాడు. ఎక్కడమెట్లా అన్న చింత ఎవరికీ లేదు. ఇవతలి రేవులో రాతిమెట్లున్నాయి, పడవ వాటి పక్కనే ఆగుతుంది. దిగడమెట్లా అని ఎవరూ అడగలేదు. మేస్త్రీ కూడా తనను తాను అడుక్కోలేదు.

మళ్లీ శ్రావణం వచ్చింది, ఏరూ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, ముప్పై మంది కూలీలను ఎక్కించారు. సద్దిమూటలు, చంకల్లో పిల్లలు. నడి ఏట్లో పడవ ఊగనైనా ఊగలేదు. ఇవతలి గట్టున కేరింతలు కొట్టారు. మేస్త్రీ ముక్కోటి దేవుళ్లకూ మొక్కుకున్నాడు.

అవతలి గట్టు ఇంకా ఎనిమిది బారలుందనగా పడవ అడుగు ఒండ్రులో కసుక్కున దిగబడింది. గెడ వేస్తే గెడ దిగింది గానీ పైకి రాలేదు. వడికి వెనక భాగం తిరిగి, పడవ ఏటికి అడ్డం పడింది. రొమ్మెత్తు పక్కలు ఎక్కి దూకడం ఆడవాళ్ల వల్ల కాలేదు. ముందు కొసన ఒక బల్ల వేశారు, అది గట్టుకు అందలేదు. ఇద్దరు మగవాళ్లు మెడలోతు నీళ్లలో దిగి బల్లను భుజాల మీద మోశారు. ఒక్కొక్కరే దాని మీద నడవాలి. ముందువాళ్లు దిగేదాకా వెనకవాళ్లు ఒకే పక్కకు ఒరిగి చూస్తుంటే పడవా అటే ఒరిగింది. ఒకామె జారింది. బల్లకూ పడవకూ మధ్య కాలు పడి ఎముక విరిగింది. ఏరు దాటడానికి చుట్ట కాల్చినంత సేపు పడితే, దిగడానికి పూట పట్టింది.

ఆఖరున దిగిన ముసలమ్మ సాయంత్రం తిరిగొచ్చాక మేస్త్రీ ఎదురుగా నిలబడింది. "అబ్బాయ్, ఏరు బాగానే దాటించావు. ఒడ్డెక్కించావా?"

మునసబుకు కోపమొచ్చింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టుంది నీ వరస."

"బోడి మల్లయ్య అనడానికైనా ముందు దాటాలి కదండీ" అంది ఆమె.

మేస్త్రీ ఏమీ అనలేదు. ఎండాకాలం రాగానే వెదురుబద్ద ఒకటి గాట్లు పెట్టి పట్టుకుని ఎండిన ఏట్లోకి దిగాడు. చాకలివాళ్లను అడిగాడు. నీటి కింద బండ ఎక్కడుందో వాళ్లు చూపించారు. గేదెలు కాసే పిల్లవాణ్ణి అడిగాడు. "మా గేదెలు మీ పడవ ఆగిన చోట దిగవు మావా. వంపు తిరిగే కాడ, లోపలి పక్క దిగుతాయి. అక్కడ గిట్ట ఆగుద్ది" అన్నాడు వాడు. ఇసుక బండ్లవాళ్లు ఇంకో మాట చెప్పారు. వంపు బయటి పక్క ఏరు గట్టును కోస్తుంది, లోపలి పక్క ఇసుక మేట వేస్తుంది. కానీ ఆ మేట ప్రతి వరదకూ జరుగుతుంది, నిరుడున్న చోట ఈ ఏడు ఉండదు.

రెండో పడవ చూసి జనం పెదవి విరిచారు. అడుగు తలుపు చెక్కలా చదునుగా ఉంది. పక్కలు మోకాలెత్తే. ముందు గోడ స్థానంలో కీళ్ల మీద నిలబెట్టిన బల్ల, మోకు వదిలితే ముందుకు వాలుతుంది. దాని మీద ముగ్గురు పక్కపక్కన నడవొచ్చు. బరువంతా వెనక ఉండేట్టు, ముందు కొస నీటిపైకి లేచి ఉండేట్టు కట్టాడు.

"ముప్పై మందికి చెయ్యమంటే పద్దెనిమిది మందికి చేశావేంటయ్యా?" అన్నాడు మునసబు.

"రెండు విడతలు తిప్పుతానండి. నడి ఏట్లో ఇది దానికన్నా తక్కువదే. వడికి పక్కకు కొట్టుకుపోద్ది, బట్టలు తడుస్తాయి. అందుకే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కడతాను, అది పట్టుకుని లాక్కుంటూ పోవాలి."

ఆ శ్రావణంలో పడవ ముందు కొస వంపు లోపలి ఇసుకను తాకింది. మోకు వదిలారు. బల్ల వాలింది. పద్దెనిమిది మంది చీలమండల లోతు నీళ్లలో అడుగుపెట్టి, కొంగులు దోపుకుని పొలం దారి పట్టారు. కాలు విరిగినామె మాత్రం ఇవతల గట్టున వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ ఉండిపోయింది. మొదటి పడవను బోర్లించి దూడల పాకకు కప్పు చేశారు.

నీతి

మనుషుల్ని దించడానికి కట్టే పడవకు కొలతలు ఒడ్డు దగ్గర మొదలుకావాలి. ఎంతమంది ఎక్కుతారన్నది తర్వాతి ప్రశ్న. ఎంత లోతులో, ఎంతసేపట్లో, ఎటు నుంచి దిగుతారన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు ఆ రొంపిలో రోజూ కాలు పెట్టేవాళ్ల దగ్గర ఉంటుంది.

మేస్త్రీ కల్పితం. కట్టలేరు కాదు, గంపలగూడెం మండలంలో వినగడప దగ్గర ఆ ఏరు పొంగితే ఇప్పటికీ రాకపోకలు ఆగిపోతాయి. నీతి కూడా కల్పితం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైన్యాల్ని శత్రుతీరంలో దించే ఓడల్ని తయారుచేసినవాళ్లు దీన్ని వేల ప్రాణాల ఖర్చుతో నేర్చుకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25 ఉదయం, టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం కొసన, సెద్దుల్‌బహిర్ కోట కింద ఇసుకలోకి రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడను బ్రిటిష్ వాళ్లు కావాలనే ఎక్కించారు. 1905లో కట్టిన మామూలు సరుకు ఓడ అది. దాని కడుపులో రెండు వేల మంది దాకా సైనికులున్నారు. ఆలోచన కమాండర్ ఎడ్వర్డ్ అన్‌విన్‌ది. ట్రాయ్ కొయ్యగుర్రం మాదిరి, ఇనుప గోడల చాటున జనాన్ని తీరం దాకా తీసుకుపోవాలని. ఓడ పక్కల్లో పెద్ద తలుపులు కోశారు, వాటి నుంచి ముందు కొసకు చెక్క దారులు కట్టారు, కొసన ఇసుకబస్తాల వెనక మరతుపాకులు పెట్టారు. మోసుకుపోయే పని దివ్యంగా జరిగింది. లోపల ఉన్నంతసేపు వాళ్లకు ఇనుప గోడలు కాపు కాశాయి.

ఓడ నేలను తాకినచోటికీ పొడి ఇసుకకూ మధ్య నీళ్లు మిగిలాయి. ఈ సంగతి అన్‌విన్ ముందే ఊహించాడు, ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం. ఆ సందును పూడ్చడానికి ఒక చిన్న ఆవిరి పడవనూ, కొన్ని బల్లపరుపు పడవలనూ వెంట తెచ్చాడు. వాటిని వరసగా నిలిపితే వంతెన అవుతుంది. ఆవిరి పడవ పక్కకు తిరిగిపోయి పనికిరాకుండా పోయింది. అప్పుడు అన్‌విన్, విలియం విలియమ్స్ అనే నావికుడు నీళ్లలోకి దూకి మిగిలిన పడవల్ని తాళ్లతో లాగి, గుండ్ల వర్షంలో, చేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఆ వంతెన మీదికి సైనికులు పరుగెత్తారు. కోసిన తలుపులు ఎక్కడున్నాయో పైన గట్టు మీది తుపాకులకు తెలిసిపోయింది, జనం ఒకే దారిన ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. చాలామంది ఇసుకను తాకనేలేదు. వీపుమీది మూటల బరువుకు పడినవాళ్లు లోతు తక్కువ నీళ్లలోనే మునిగిపోయారు. విలియమ్స్ తాడు పట్టుకునే చనిపోయాడు. చలికి కొయ్యబారిన అన్‌విన్‌ను ఓడలోకి చేర్చారు. మిగిలిన సైనికులు చీకటి పడేదాకా ఓడలోనే ఉండి, రాత్రి దిగారు. ఆ ఓడ దగ్గర చేసిన సాహసానికి ఆరుగురికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. వాళ్ల తెగువకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ మనిషి వంతెన స్తంభంగా నిలబడాల్సి వచ్చిందంటే ఆ లోటు ఓడ రూపంలో ఉంది.

విచిత్రం ఏమిటంటే, సరైన పడవ అప్పటికే కాగితం మీద ఉంది. బ్రిటిష్ నౌకాదళాధిపతి ఫిషర్ 1915 ఫిబ్రవరిలోనే రెండు వందల పడవలకు ఆర్డరిచ్చాడు. వాల్టర్ పోలక్ గీసిన నమూనా. నూటఅయిదు అడుగుల పైచిలుకు పొడవు, ఇరవైఒక్క అడుగుల వెడల్పు, లోతు తక్కువ అడుగు, సొంత ఇంజను, గుండు దూరని పక్కలు, ముందుకు వాలే బల్ల. ఒక్కోదానిలో అయిదువందల మంది పడతారు. నల్లరంగు, ముందుకు చాచిన బల్ల చూసి సైనికులు వాటిని పెంకుపురుగులన్నారు. ఆగస్టు 6 రాత్రి అదే గల్లిపోలిలో సువ్లా అఖాతం దగ్గర వాటిని వాడారు. తలుపు వాలింది, జనం దిగారు, ఏప్రిల్‌లో జరిగిన ఘోరం జరగలేదు. అయితే కొన్ని పడవలు ఎవరూ కొలవని తిన్నెల మీద చీకట్లో ఇరుక్కుపోయాయి, సైనికులు మెడలోతు నీళ్లలో నడవాల్సి వచ్చింది. పడవ మారింది, నీటి అడుగున ఏముందో అడిగే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

ఇక ఆ అలవాటు ఉన్నవాళ్ల సంగతి. అదే యుద్ధంలో రష్యన్లు నల్లసముద్రంలో సైన్యాన్ని దించే ఓడలు కావాలనుకున్నప్పుడు అజోవ్ సముద్రంలో ధాన్యం మోసే ఓడను నమూనాగా తీసుకున్నారు. ఎల్పిదిఫోర్ అని దాని పేరు, ఆ తరగతికంతా అదే పేరు పెట్టారు. అజోవ్ లోతు లేని సముద్రం. అక్కడి వర్తకులు ఇంజన్ను వెనక్కి నెట్టి, ముందు కొస తేలికగా పైకి లేచి ఉండేట్టు ఓడలు కట్టించుకున్నారు. సేనల్ని దించడానికి కావలసింది సరిగ్గా అదే. అమెరికాలో ఆండ్రూ హిగ్గిన్స్ కట్టిన పడవలు ముందు లూసియానా చిత్తడినేలల కోసం పుట్టాయి. బ్రిటన్ 1940 తర్వాత ట్యాంకుల్ని దించే తొలి ఓడలుగా మార్చినవి వెనెజులాలో మారకైబో సరస్సు ముఖద్వారపు ఇసుక తిన్నె దాటడానికి కట్టిన చమురు ఓడలు. మూడు చోట్లా సైన్యానికి దారి చూపినవాళ్లు బురదతో బేరమాడి బతికినవాళ్లే. ఈ సంగతి నౌకానిర్మాణ పాఠాల్లో మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం.

మన తీరం ఈ పాఠాన్ని అంతకు చాలా ముందే చేతల్లో చూపించింది. మద్రాసు నుంచి మచిలీపట్నం, విశాఖపట్నం మీదుగా పైదాకా, ఓడ నేరుగా ఒడ్డుకు చేరే రేవులు తక్కువ. విశాఖ హార్బరు తెరిచిందే 1933లో. అంతకు ముందు ఓడలు దూరంగా లంగరు వేసేవి. మధ్యలో ఎగిసిపడే కెరటాలు. మేకులు కొట్టిన తెల్లవాళ్ల పడవలు ఆ కెరటాల్లో ఇసుకకు కొట్టుకుని పగిలిపోయేవి. మన జాలరులది మసులా పడవ. దానికి మేకు లేదు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, సందులో పీచు ఒత్తి, కొబ్బరితాడుతో కుట్టేవాళ్లు. అడుగు చదును. కెరటం ఎత్తి నేలకేస్తే పలకలు కొంచెం వంగి, కుట్లు సాగి, దెబ్బను మింగేవి. నీళ్లు ఊరేవి నిజమే, ఒకడు తోడుతూనే ఉండేవాడు. నడి సముద్రంలో అది పనికిరాదు, దాన్ని కట్టినవాళ్లు ఆ పని కోరనూ లేదు. దూరదేశాలకు పోయే సిపాయిలు, వచ్చే గవర్నర్లు, మూటలు, గుర్రాలు, అన్నీ ఆ కుట్టు పడవల మీదే ఒడ్డుకూ ఓడకూ మధ్య తిరిగాయి. ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆ జాలరులకు కూలి ఇచ్చారు గానీ, వాళ్ల దగ్గర చదువుకోవలసింది చదువుకోలేదు.

లోతు తక్కువ అడుగుకు ఒక ఖరీదు ఉంది, దాన్ని దాచకూడదు. చదును ఓడ సముద్రంలో దొర్లుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, లోపలున్న సైనికులకు కడుపులో తిప్పుతుంది. మేస్త్రీ మోకు కట్టి సరిపెట్టుకున్నాడు. ఓడలకు సరైన ఉపాయం 1941 నవంబరులో అమెరికా నౌకాదళ నిర్మాణ కార్యాలయంలో జాన్ నీడర్‌మెయర్ గీసిన బొమ్మలో దొరికింది. ఓడ అడుగున తొట్లు పెట్టాలి. సముద్రం మీద వాటిని నీళ్లతో నింపితే ఓడ లోతుగా, నిలకడగా కూర్చుంటుంది. తీరం దగ్గరికి రాగానే పంపులతో తోడేస్తే తేలికై ఇసుకెక్కుతుంది. ఒకే ఓడ రెండు పడవలయింది. అయినా నీటి కింద నేలను ఎవరో ఒకరు చూసిరావాల్సిందే. 1943 నవంబరులో పసిఫిక్‌లోని తరావా దగ్గర హిగ్గిన్స్ పడవలు పగడపు దిబ్బ మీద తట్టుకుని ఆగిపోతే, సైనికులు వందల గజాలు నీళ్లలో నడుస్తూ తూటాలకు నేలకూలారు. పోటు తక్కువగా ఉంటుందని ఆ దీవుల్లో ఏళ్లతరబడి ఉన్న మనిషి ముందే చెప్పాడు.

మనకూ ఒక అనుభవం ఉంది. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం చివర, కాక్స్‌బజార్ దగ్గర గూర్ఖా సైనికుల్ని దించడానికి మన నౌకాదళం ఘరియాల్, గుల్దార్ అనే ఓడల్ని పంపింది. తీరంలో దింపడానికే కట్టిన ఓడలవి, ముందు తలుపులున్నవి. శత్రువు కాల్పులు లేవు. ఓడ ముందు కొస ఇసుకను తాకింది, తలుపు వాలింది, జవాన్లు దిగారు. తాకింది ఒడ్డు కాదు, ఒడ్డుకు ముందున్న ఇసుక తిన్నె. దాని అవతల లోతు కాలువ ఉంది. కొండల్లో పుట్టి పెరిగిన ఆ పిల్లలు మూటలతో సహా మునిగి కొందరు చనిపోయారు. తుపాకీ పేలని చోట పోయిన ప్రాణాలు అవి. గల్లిపోలి గడిచి అప్పటికి 56 ఏళ్లు.

ఇవాళ విశాఖపట్నంలో ఉన్న ఐఎన్‌ఎస్ జలాశ్వ పదహారు వేల టన్నులు దాటిన ఓడ. 2007 జూన్ 22న మన నౌకాదళంలో చేరింది, అంతకు ముందు అమెరికా వాళ్ల ట్రెంటన్. అది ఇసుక ఎక్కదు. వెనక భాగంలోని తొట్టిలోకి సముద్రాన్ని రానిచ్చి, లోపలున్న నాలుగు మర పడవల్ని తేల్చి బయటికి పంపుతుంది. ఒడ్డెక్కే పని వాటిది. 2019 నవంబరులో భారత, అమెరికా దళాలు కలిసి కాకినాడ తీరంలో దిగే అభ్యాసం చేశాయి. ఆ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో మైళ్ల పొడవున పెరిగిన దిబ్బ. ఆ ఇసుక ఇంకా జరుగుతూనే ఉంది, అచ్చువేసిన లోతుల పటం తుపాను వెళ్లాక పాతబడుతుంది. కిందటి తుపాను తర్వాత తిన్నె ఎటు జరిగిందో, పాటుకు ఎక్కడ నడుములోతు మిగులుతుందో ఉప్పాడ జాలరులకు తెలుసు, ఎందుకంటే వాళ్లు ప్రతి తెల్లవారుజామునా పడవను ఆ నీళ్లలోంచే లాగుతారు. అభ్యాసానికి ముందు కొలతబద్ద పట్టుకుని వచ్చే అధికారి వాళ్లతో ఒక పూట వేటకు వెళ్లాలి, వాళ్లు చెప్పినదంతా రాసుకోవాలి.